అమ్మకి నీళ్ళు పోసేదెవరు

కాకినాడ, మే 4

ప్రియమైన రత్నానికి,

ఫోనులో చెబుదామంటే ఉన్నది ఒక్క గది, అమ్మ వింటుంది. అందుకే ఉత్తరం. పక్షవాతం వచ్చినప్పుడు నువ్వు చూసి వెళ్ళి నెలయింది. ఇప్పటికీ తనంతట తను పక్కకి తిరగలేదు. నీళ్ళు పోయడానికి, బట్టలు మార్చడానికి ఆడమనిషి కావాలి. కొడుకుని, నేనెలా చేస్తాను? నిషేధం అయిపోగానే జూన్ పదిహేనున చేపల వేటకి వెళ్ళాలి. నేను బోటెక్కకపోతే నా చోట ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. కోడలివి నువ్వుండి, పరాయి ముసలావిడకి చాకిరీ ఏంటని మన వాడలో అందరూ అడుగుతున్నారు. వచ్చేయ్. ఏసీ గదిలో కూర్చుని చేసే పనేగా, పోతే పోయింది.

నీ చిట్టియ్య

భీమవరం, మే 11

ప్రియమైన మావకి,

పెద్దమ్మగారికి ముగ్గురు కోడళ్ళు. ముట్టుకునేది మాత్రం నేనే. "మా నూకరత్నం కూతురి కన్నా ఎక్కువండి" అని ఆవిడ కొడుకు రాజుగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. సెలవడిగితే మాత్రం నొచ్చుకుంటారు. కూర్చుని చేసే పనా మావా? ఒకరోజు చేసి చూడు. నేను మానేస్తే హాస్టల్లో ఉండి చదివే మన పిల్ల దుర్గాశ్రీ కాలేజీ మానాలి. పక్కింటి లక్ష్మిని అడుగు, వచ్చినప్పుడు చీర పెడతానని చెప్పు. అత్తని వదిలి ఇక్కడ ఉన్నందుకు నాకూ ఏడుపొస్తోంది.

నీ రత్నం

కాకినాడ, మే 20

రత్నానికి,

లక్ష్మి ఒప్పుకుంది. పాపం, దానికి పని తెలియదు. తిప్పబోతే అమ్మ మూలుగుతోంది. వీపు మీద ఎర్రగా కమిలింది. అన్నం గొంతుకి అడ్డం పడుతోంది. ఏది ఎలా చేయాలో వివరంగా రాయి, దానికి చదివి వినిపిస్తాను.

చిట్టియ్య

భీమవరం, మే 27

మావా,

చెయ్యి పట్టి లాగొద్దు. మోకాళ్ళు మడిచి, భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి వేసి తన వైపు తిప్పుకోమను. రెండు గంటలకోసారి తిప్పాలి. కమిలినచోట రుద్దకుండా నర్సుకి చూపించండి. కూర్చోబెట్టి చిన్న చిన్న ముద్దలు పెట్టాలి. నీళ్ళు పోసేటప్పుడు దుప్పటి కప్పే ఉంచమను, అత్త సిగ్గుపడుతుంది.

లక్ష్మి మాత్రం ఎన్నాళ్ళు చేస్తుంది? జూన్ పన్నెండున మానేసి వచ్చేస్తానని రాజుగారికి చెప్పాను. మూడు రోజులుగా నాతో మాటల్లేవు. దుర్గాశ్రీకి నువ్వే చెప్పు, నావల్ల కాదు.

అలిసిపోయిన
నీ రత్నం

కాకినాడ, జూన్ 2

నా రత్నానికి,

లక్ష్మి రెండు రోజులే వచ్చింది, వాళ్ళాయన వద్దన్నాడు. తర్వాత అంతా నేనే చేస్తున్నాను. సిగ్గేసి అబద్ధం రాశాను. మొదటిరోజు తలుపేసుకుని నీళ్ళు పోస్తుంటే అమ్మ గోడవైపు మొహం తిప్పుకుని, "ఇంతకంటే నన్ను చంపెయ్యరా" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నీ ఉత్తరం వచ్చాక దుప్పటి కప్పి పోశాను, ఊరుకుంది. ఇప్పుడు వీపు మానుతోంది. రేవులో నవ్వుతున్నారు, నవ్వనీ.

ఇది వేటకంటే కష్టం రత్నం. ఆరేళ్ళుగా నువ్వు చేస్తున్నదాన్ని నేను పనే కాదన్నాను. తప్పయింది.

ఈసారి బోటుకి రానని చెప్పేశాను. వలలు ఇంటికి తెచ్చుకుని బాగుచేస్తాను. నువ్వు ఉద్యోగం మానకు, నెలకి నాలుగు రోజులు సెలవు కావాలని రాజుగారిని గట్టిగా అడుగు. పన్నెండున మాత్రం రా. అమ్మ దగ్గరికీ, పొయ్యి దగ్గరికీ వెళ్ళొద్దు. వచ్చి పడుకో. నేను చూసుకుంటాను.

నీ చిట్టియ్య