ఐదుకి రెండు మార్కులు

టోర్‌డాల్ కౌంటీ నేల, నీటి సంరక్షణ ఆఫీసు
1994 ఆగస్టు 9

రాష్ట్ర శిక్షణా విభాగం కోఆర్డినేటర్ రెనాటా కొలవీటో గారికి,

నమస్కారం. మీరు న్యూజెర్సీ నుంచి కొత్తగా వచ్చారని విన్నాను. చలి మొదలయ్యాక స్వాగతం చెబితే వెటకారంలా ఉంటుందని ఇప్పుడే చెప్పేస్తున్నాను.

మీరు పంపిన ఫారం నింపి దీనితో జత చేశాను. ఇరవై రెండు పనులు, ఒక్కోదానికి ఐదుకి ఎన్ని మార్కులో ఎవరికి వాళ్ళే వేసుకోవాలన్నారు. అన్నిటికీ రెండు వేశాను. జూలై నుంచి ఈ ఫారం నింపి పంపినవాళ్ళ సంతకమే ప్లాన్ల మీద చెల్లుతుందట కాబట్టి, త్వరగా నమోదు చేయించండి.

తొందర ఎందుకంటే, మార్డెల్ ఔస్టాడ్ అనే ఆవిడ పొలంలో నీళ్ళు నేలను కోసేసి ఒక గండి పడింది. ఆవిడ ఒంటి చేత్తో నలభై ఆవుల్ని సాకుతోంది. ఈ ఏప్రిల్లో మంచు కరిగిన వారంలోనే గండి యాభై అడుగులు తినేసింది. ఇప్పుడు ఆవుల కొట్టానికి అరవై అడుగుల దూరంలో ఉంది. గండి తల దగ్గర రాళ్ళు పరిచి, నీళ్ళు నెమ్మదిగా దిగేలా వాలు కట్టాలి. ప్లాను గీసి పెట్టాను. నా సంతకం పడితే నవంబరులో నేల గడ్డకట్టేలోపు పని అయిపోతుంది.

ఇట్లు,
ఆర్లిస్ స్కోగ్మో, టెక్నీషియన్

తా.క.: ముందు అన్నిటికీ ఒకటే వేశాను. మా బోర్డు అధ్యక్షుడు ఓర్విల్ నాక్ గారు చూసి, ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసుకి మరీ ఒకటి బాగుండదు అన్నారు. అందుకని గొప్పలకు పోయి రెండు వేశాను. ఏమీ అనుకోకండి.

*

రాష్ట్ర శిక్షణా విభాగం
ఆగస్టు 22

ఆర్లిస్ గారికి,

మీ ఫారం చదివి నా మనసు కరిగిపోయింది. ఇంత నిజాయితీగా తన బలహీనతలు ఒప్పుకున్న మనిషిని నేను చూడలేదు. ఇరవై రెండింటికి ఇరవై రెండూ రెండే. అదీ ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత. ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఎవరూ పట్టించుకోకపోవడం మా తప్పే.

సగటున మూడుకన్నా తక్కువ ఉన్నవాళ్ళు ప్లాన్ల మీద సంతకం పెట్టకూడదని నియమం. కాబట్టి మీ అధికారం తాత్కాలికంగా ఆపాం. బాధపడకండి. అక్టోబరు 17 నుంచి ఐదు రోజులు జరిగే "మట్టితో మొదటి పరిచయం" తరగతిలో మీ పేరు రాశాను. అందులో నెగ్గితే అన్నీ తిరిగి వస్తాయి.

మీ శ్రేయస్సు కోరే,
రెనాటా కొలవీటో

తా.క.: తరగతికి వచ్చేటప్పుడు మీ ఊరి మట్టి ఒక గుప్పెడు తీసుకురండి. ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే రైతులెవరినైనా అడగండి.

*

ఆగస్టు 29

రెనాటా గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమయ్యాక కాసేపు బయటికెళ్ళి నిలబడ్డాను.

తరగతికి సంతోషంగా వస్తాను. నేర్చుకోవడానికి వయసేముంది, యాభై తొమ్మిదే కదా. కాకపోతే అక్టోబరు చివరిదాకా సంతకం లేకపోతే మార్డెల్ పని ఈ ఏడాదికి తప్పిపోతుంది. గండి ఇప్పుడు యాభై ఏడు అడుగుల్లో ఉంది. ప్రతి శుక్రవారం నేనే టేపు పెట్టి కొలుస్తున్నాను. సంతకం ఈలోపు వెనక్కిస్తే బాగుండేది. అయినా మీకు చాలా పనులుంటాయి, నా కోసం శ్రమపడకండి. నా పని ఎలా ఉంటుందో తెలియాలంటే ఓర్విల్ గారిని అడగవచ్చు.

ఇట్లు,
ఆర్లిస్

తా.క.: ఈ కౌంటీలో ఇప్పటికి నాలుగు వేల గోతులు తవ్వించాను. అందులోంచి బయటికొచ్చిందేమిటో అక్టోబరులో తెలుస్తుందన్నమాట.

*

సెప్టెంబరు 12

ప్రియమైన ఆర్లిస్ గారికి,

మీరు చెప్పినట్టే ఓర్విల్ నాక్ గారికి రాశాను. ఆయన జవాబు మీకు చూపించాలా వద్దా అని వారం ఆలోచించాను. దాచడం పద్ధతి కాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఆర్లిస్ మరీ అంత పాడుగా ఏమీ చెయ్యదు. ఆవిడతో పెద్ద ఇబ్బంది లేదు. ఇంతకన్నా అన్యాయమైన వాళ్ళని చూశాం."

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక మనిషి కింద పనిచేసినందుకు ఇదా బహుమానం? చదివి నాకే కళ్ళు చెమర్చాయి. మీ ఆత్మవిశ్వాసం ఎందుకిలా దెబ్బతిందో ఇప్పుడర్థమైంది. చిన్న పుస్తకం ఒకటి పంపుతున్నాను, రోజూ ఒక పేజీ చదవండి.

సంతకం సంగతి మా డైరెక్టర్‌తో మాట్లాడదామని ఫోను ఎత్తాను కూడా. ఇంతలో మీరు శ్రమపడవద్దన్నారని గుర్తొచ్చి పెట్టేశాను. మీ మాట నాకు ముఖ్యం.

మీ రెనాటా

తా.క.: శుభవార్త. తరగతికి గురువు దొరికాడు. రాష్ట్రం మొత్తం మీద ఇరవై రెండింటికీ ఐదుకి ఐదు వేసుకున్నవాడు ఒక్కడే ఉన్నాడు, ట్రెంట్ బాలింజర్. మే నెలలో చేరాడు. అంతకు ముందు అరిజోనాలో ఈత కొలనులు కట్టేవాడట. అంటే నీళ్ళ అనుభవం బోలెడుంది.

*

సెప్టెంబరు 20

రెనాటా గారికి,

ఓర్విల్ గారి మాటలు చదివి సిగ్గుతో నా మొహం ఎర్రబడింది. ఆయన నన్ను ఇంతలా పొగడటం ఇదే మొదటిసారి. నలభై ఏళ్ళు కాపురం చేసిన భార్య సమాధి మీద కూడా "ఫరవాలేదు" అని మాత్రమే చెక్కించిన మనిషి. ఆయన ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోవాలి.

మీరు ఫోను పెట్టేయడం గురించి ఒక మాట. మా వైపు ఎవరింటికైనా వెళితే కాఫీ వద్దంటాం. మళ్ళీ అడుగుతారు, మళ్ళీ వద్దంటాం. మూడోసారి అడిగితే, ఉన్నదే మిగిలిపోతుందంటే సగం కప్పు అంటాం. నేను శ్రమపడవద్దని ఒక్కసారే రాశాను. ఇంకో రెండుసార్లు మీరు అడుగుతారనుకున్నాను. తప్పు నాదే లెండి.

ఆదివారం వాన పడింది. గండి యాభై ఒకటికి వచ్చింది. మార్డెల్ ఆవుల్ని ఎవరు కొంటారో కనుక్కోవడం మొదలుపెట్టిందని పాల లారీ అతను చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఈ ఫారాలతో అలిసిపోయానండీ, నిజంగా.

తరగతికి ఏదైనా గండి చూపించాల్సిన అవసరం ఉంటే, ఉంటేనే, ఇక్కడ ఒకటుంది. కూర్చోవడానికి మా చర్చి కింది హాలు ఉంది. అవసరం లేకపోతే వదిలేయండి.

ఇట్లు,
ఆర్లిస్

తా.క.: మీ పుస్తకంలో చెప్పినట్టు అద్దం ముందు నిలబడి "నేను సమర్థురాలిని" అన్నాను. మా కుక్క లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

*

అక్టోబరు 3

ప్రియమైన ఆర్లిస్ గారికి,

ఈసారి మీకు మూడుసార్లు చెప్పే అవకాశం ఇవ్వడం లేదు. తరగతి మొత్తాన్ని మీ ఊరికే మార్చేశాను. అభ్యాసం కోసం మార్డెల్ గారి గండినే తీసుకుంటాం. కొలతలు, ప్లాను, సంతకం అన్నీ ట్రెంట్ చూసుకుంటాడు. మీరు హాయిగా గమనించండి, భయపడకుండా ప్రశ్నలు అడగండి.

ట్రెంట్ తప్ప రాష్ట్రంలోని టెక్నీషియన్లంతా, మొత్తం ఇరవై నాలుగు మంది వస్తున్నారు. అందరూ రెండు మార్కుల వాళ్ళే. సర్వీసు చూస్తే సగటున ఇరవై మూడేళ్ళు. ఈ రాష్ట్రంలో మట్టి ఇన్నాళ్ళూ ఎలా నిలిచిందో నాకు అర్థం కావడం లేదు.

మీ రెనాటా

తా.క.: మధ్యాహ్నం భోజనం కావాలా అని అందరికీ రాశాను. ఇరవై నాలుగు మందీ వద్దన్నారు. అందుకని భోజనాలేవీ పురమాయించలేదు.

*

అక్టోబరు 24

రెనాటా గారికి,

తరగతి జరిగింది. రాతి వాలు పూర్తయింది. కొట్టానికి నలభై తొమ్మిది అడుగుల దగ్గర గండి ఆగింది. ట్రెంట్ గారు సంతకం పెట్టారు. వాతావరణం అనుకూలించింది. ఇంతకన్నా రాయడానికేమీ లేదు.

ఇట్లు,
ఆర్లిస్

తా.క.: భోజనం గురించి బెంగ పడకండి. ఎందుకైనా మంచిదని ఇరవై నాలుగు మందిమీ తలా ఒక పెద్ద గిన్నెడు బంగాళాదుంపలూ మాంసమూ వండి తెచ్చుకున్నాం. ట్రెంట్ గారు ఇరవై నాలుగు రకాలూ తినాల్సొచ్చింది. ఆయన మొదటిసారే సరే అనేస్తాడు, పాపం.

*

1995 ఫిబ్రవరి 13

ఆర్లిస్ గారికి,

మీరు ట్రెంట్‌ని ఏం చేశారు?

తరగతి తర్వాత అందరికీ మళ్ళీ అదే ఫారం పంపాను. మీ ఇరవై నాలుగు మందీ మళ్ళీ రెండే వేశారు. సరే, మెల్లగా వస్తుందిలే అనుకున్నాను. పోయిన వారం ట్రెంట్ ఫారం అందింది. ఇరవై రెండింటికీ రెండు. కింద ఒక వాక్యం: "అంతకుముందు వేసింది పొరపాటు."

ఇప్పుడు రాష్ట్రం మొత్తం మీద సంతకం పెట్టగలిగే మనిషి ఒక్కరు కూడా లేరు. మా డైరెక్టర్ నన్ను పిలిపించారు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

అసలు చిక్కు వేరే ఉంది. అర్హత లేనివాడు సంతకం పెట్టాడు కాబట్టి మార్డెల్ గారి రాతి వాలు చెల్లదట. మార్చి 15 లోపు అర్హత ఉన్నవాళ్ళు ఎవరైనా ప్లాను మీద సంతకం చేయకపోతే రాళ్ళు పీకించమని రాతపూర్వకంగా ఇచ్చారు. మంచు కరిగే ముందు. నాకు నిద్ర పట్టడం లేదు.

ఫారం మళ్ళీ పంపుతున్నాను. నేను మీకు పుస్తకాలు పంపాను, మట్టి తెమ్మన్నాను. ఎంత మూర్ఖంగా ఉన్నానో ఈ మధ్యే తెలిసొచ్చింది. ఆర్లిస్ గారూ, ఒక్కసారి నిజం రాయండి. అడుగుతున్నాను. మళ్ళీ అడుగుతున్నాను. ఇది మూడోసారి.

మీ రెనాటా

*

ఫిబ్రవరి 20

ప్రియమైన రెనాటా గారికి,

ట్రెంట్ గారిని మేమేమీ చేయలేదు. జరిగింది చెబుతాను.

సోమవారం ఉదయం ఆయన కొయ్య మేకులు పాతి, వాలు ఎటు దిగాలో గుర్తు పెట్టాడు. ఆ లెక్కన నీళ్ళు కిందికి రావాలంటే ముందు అడుగున్నర పైకెక్కాలి. ఇరవై నాలుగు మందిమీ చూశాం. ముఖం మీద చెబితే చిన్నబుచ్చుకుంటాడని ఎవరూ మాట్లాడలేదు. "ఇలా కూడా చేస్తారన్నమాట" అని ఒకాయన గొణిగితే, అంత కటువుగా అన్నందుకు మిగతావాళ్ళు అతని వంక చూశారు.

కాఫీ వేళ ట్రెంట్ గారు మార్డెల్ వంటింట్లోకి ఫోను చేసుకోవడానికి వెళ్ళాడు. ఒకాయన కాళ్ళు పట్టేశాయని లేచి, గండి వైపు నడిచి, ఒక మేకు పీకి సరైనచోట పాతి వచ్చాడు. ఆయన వచ్చాక ఇంకొకావిడకి కాళ్ళు పట్టేశాయి. అలా అందరికీ పట్టేశాయి. ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకోలేదు, మేకులు మాత్రం వరసగా ఎక్కడ ఉండాలో అక్కడికి వచ్చాయి. నేను రెండు మార్చాను, ఊరిదాన్ని కదా.

సాయంత్రం ట్రెంట్ నా దగ్గరికి వచ్చి, "ఇవి నేను పాతినవి కావు కదండీ" అన్నాడు.

"ఇక్కడ గాలి ఎక్కువ" అన్నాను.

"అరిజోనాలో ఐదు వేయకపోతే ఇంటర్వ్యూకే పిలవరండీ. అందరూ ఐదే వేస్తారు. కాబట్టి ఎవరూ నమ్మరు, పని ఇచ్చి చూస్తారు. మీరు నమ్మేశారు, నాకెంత భయమేసిందో తెలుసా" అన్నాడు. మిగతా నాలుగు రోజులూ రాళ్ళు మోశాడు, అడిగినదే అడిగి నేర్చుకున్నాడు. అతను వేసుకున్న రెండు నిజమైన రెండు. మాదే అబద్ధం.

నాకు ఇది ఒప్పుకోవడం కష్టంగా ఉంది. వినయం అనుకుని ఏళ్ళ తరబడి చేసిన పని ఇప్పుడు మార్డెల్ కొట్టం మీదికి వచ్చింది. నిన్న వెళ్ళాను. ఇంకా ఆవుల్ని అమ్మలేదు. రాళ్ళ మీద మంచు మోకాలి లోతు ఉంది. పీకించాలంటున్నారని చెప్పడానికి నోరు రాలేదు.

ఆవిడ గేటు ముందు ట్రక్కులో కూర్చునే మీ ఫారం తీశాను. మొదట మూడు వేశాను. కొట్టివేసి నాలుగు వేశాను. తర్వాత ఐదు వేశాను, కొట్టివేయలేదు. ఈ కౌంటీలో ఏ చినుకు ఏ పొలంలోంచి ఎటు పోతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు, రెనాటా గారూ. నాకు ఈ పని వచ్చు. బాగా వచ్చు. రాస్తుంటే ఏడుపొచ్చింది. నీకు ఈ పని వచ్చా అని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పి ఉండేదాన్ని కాదు.

ప్లాను మీద సంతకం పెట్టి, ఫారంతో కలిపి పంపుతున్నాను. మిగతా వాళ్ళకి కూడా ఫోన్లు చేస్తున్నాను. ముగ్గురు నాలుగు దాకా వచ్చారు.

మీ
ఆర్లిస్ స్కోగ్మో

తా.క.: ఫారంలో ఇరవై ఒక్క పనులకి ఐదు వేశాను. పదిహేడో దానికి మాత్రం రెండే ఉంచాను. అది "తన అవసరాన్ని పై అధికారులకు సూటిగా చెప్పగలగడం". దానికేదైనా తరగతి ఉంటే నా పేరు రాయండి. వస్తాను.