ఏడో నెలకు ఎంతో ముందే

పాపాయి అమ్మకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అమ్మా నేనూ ఒంటి వరకు క్షేమం. అక్కడ నువ్వూ, పాపాయీ, అత్తయ్యగారూ, మామయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో నాలుగు ముక్కలు మాట్లాడుకుని పెట్టేయడం మనకు అలవాటైపోయింది. నీ పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు, నా చుట్టూ షాపుకొచ్చిన వాళ్ళుంటారు. నువ్వు కాగితం మీద రాసి మంచి పని చేశావు. నేను చెప్పాల్సింది కూడా ఫోనులో చెప్పేది కాదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. వంటింటి కిటికీకి కొత్త అద్దం బిగించాను. అద్దాల షాపు వాడి ఇంట్లో కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టుకున్నారని పక్కింటి టైలరు కనబడ్డ వాళ్ళందరికీ చెబుతున్నాడని నీకు ఒకటే బాధ కదా, ఇక వాడు వేరే కబురు వెతుక్కోవాలి. ఉయ్యాల గొలుసుకు నూనె పెట్టాను, ఇప్పుడు కిర్రుమనడం లేదు. సెలూన్‌కు నిలువుటద్దం బిగిస్తుంటే మాత్రం అంచు విరిగింది. "మేం మొహం చూసుకోకముందే అదే మొహం చాటేసిందేమిటయ్యా" అని సెలూనాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మీ అత్తయ్య, అంటే మా అమ్మ, ఎలా ఉన్నారని రాశావు. నిన్ను అన్నన్ని మాటలన్న మనిషి బాగోగులు అడగడం నీకే చెల్లింది. ఆవిడ బాగానే ఉంది. తక్కువ మాట్లాడుతోంది. ఎందుకో చివర్లో రాస్తాను.

ఇక మిగిలినవి రెండు. పాపాయికి కుడి వైపు నుంచి చిటికె వేస్తే తిరగడం లేదని, ఎడమ వైపు వేస్తే వెంటనే తిరుగుతోందని రాశావు. రెండోది ఆ మాత్ర గురించి. "నేను జ్వరానికి వేసుకున్న మాత్ర పేరు డాక్టరమ్మకు చెప్పి, పాపాయి మెడ మీద ఆ చిల్లి దానివల్లే వచ్చిందేమో కనుక్కోండి. అవునంటే అవుననే రాయండి, దాచకండి. మా అమ్మ కూడా ఏది పడితే అది మింగేశావంటోంది" అని రాశావు. ఆ మూడు వాక్యాలూ నాకు నోటికొచ్చేశాయి. నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని రెండు రోజులు గాజు పలకలు కోశాను, అన్నీ వంకరే. మూడో రోజు షాపు మూసేసి ఆస్పత్రికి వెళ్ళాను.

డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. "పాప ఏదీ?" అంది. అమ్మమ్మగారింట్లో ఉందన్నాను. మాత్ర సంగతి చెప్పాను.

"ఏ నెలలో వేసుకుంది?"

"ఏడో నెలలోనండీ."

ఆవిడ రాస్తున్న పెన్ను కింద పెట్టేసింది. "ఏడో నెలా? అప్పటికి మెడ ఎప్పుడో తయారైపోయి ఉంటుంది కదయ్యా. తలా మెడా రూపు కట్టేది మొదటి రెండు నెలల్లోనే. ఒక్కోసారి కడుపుతో ఉన్నానని తల్లికి తెలిసేలోపే ఆ పని మొదలైపోతుంది."

నేను ఇంకా నమ్మలేనట్టు చూశానేమో, మందుల చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీసింది. ఎంత చక్కగా గీసిందో. అది నీకు కూడా చూపించాలని అడిగి తెచ్చుకున్నాను, ఇందులోనే మడిచి పెట్టాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. బిడ్డ చిక్కుడు గింజ కన్నా చిన్నగా ఉన్నప్పుడు, తల కింద రెండు పక్కలా వరసగా చిన్న చిన్న గట్లు లేస్తాయట. గట్టుకీ గట్టుకీ మధ్య పల్లం. అప్పటికి మెడ అనేదే ఉండదు, తల వంగి గుండెకు ఆనుకుని ఉంటుంది. మొదటి గట్టులోంచి దవడలు వస్తాయి. కింది వాటిలోంచి గొంతు, దాని చుట్టూ ఉండే మెత్తని ఎముకలు, మింగడానికీ మాట్లాడటానికీ కావలసిన కండరాలు. చెవులు మొదట మెడ దగ్గర బుడిపెల్లా మొలిచి, దవడ పెరిగే కొద్దీ పైకి చేరతాయట. మన పాపాయి చెవులు ఒకప్పుడు మెడ మీద ఉండేవంటే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ జలదరించింది.

"రెండో గట్టు కిందికి పెరుగుతూ దాని కింది పల్లాలను కప్పేస్తుంది. అప్పుడు మెడ నున్నగా అవుతుంది. ఎక్కడైనా పూర్తిగా మూసుకోకపోతే ఇలా సన్నని దారి మిగిలిపోతుంది. పాప మెడ మీద తడి కనబడేది అందులోంచే. ఏడో నెలలో జ్వరం మాత్ర వేసుకుంటే మూసుకున్న దారి తెరుచుకోదయ్యా. పైగా అది కడుపుతో ఉన్నవాళ్ళకి మేమిచ్చే మాత్రే. వేసుకుని మంచి పని చేసిందని మీ ఆవిడకి చెప్పు."

చెబుతున్నాను. మంచి పని చేశావు. ఆ జ్వరంలో నువ్వు మాత్ర వద్దన్నావు. "లోపల దానికేమవుతుందో" అన్నావు. మందుల షాపుకు పోయి తెచ్చిందీ, ఏం కాదులే అని నీళ్ళ గ్లాసు చేతికిచ్చిందీ నేను. నిన్ను అందరూ అంటున్నప్పుడు ఈ ఒక్క ముక్క కూడా నా నోట్లోంచి రాలేదు.

డాక్టరమ్మ మాట విని నేను సంతోషించాలి కదా. తల తీసేసినట్టయింది. ఎందుకంటే ఆవిడ వెంటనే ఇంకో మాట అడిగింది. "మళ్ళీ అడుగుతున్నా. ఇది కొన్ని ఇళ్ళల్లో తరతరాలుగా వస్తుంది. మీ రెండు వైపులా ఎవరికీ లేదన్నారు. గట్టిగా ఆలోచించి చెప్పండి."

ఆ రోజు ఆ గదిలోనే నువ్వు పాపాయిని ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్నావు. మొదట నేను లేదన్నాను, తర్వాత నువ్వు లేదన్నావు. నీది నిజం.

నా మెడ మీది మచ్చ అద్దం గీరుకుని వచ్చింది కాదు. పాపాయికి ఎక్కడుందో సరిగ్గా అక్కడే నాకూ చిల్లి ఉండేది. బళ్ళో పిల్లలు "మెడకి ముక్కుందిరోయ్, చీమిడి కారుతోంది" అని ఏడిపించేవాళ్ళు. అది చీము పట్టి వాస్తే ఆపరేషన్ చేసి తీసేశారు. పెళ్ళయిన కొత్తలో నువ్వు వేలితో తడిమి "ఇదేమిటండీ" అంటే అద్దం ముక్క అన్నాను. అద్దాల షాపులో పెరిగిన వాడికి అంతకన్నా అతికే అబద్ధం ఏముంటుంది? పాపాయి పుట్టిన రోజు నర్సు దాన్ని నా చేతుల్లో పెట్టగానే చూశాను. చూసి నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా, చొక్కా పై గుండీ పెట్టుకోవడం. కన్నకూతుర్ని సరిగ్గా ముద్దయినా పెట్టుకోకముందే.

పాపాయిని డాక్టరమ్మకు చూపించి బస్సులో వస్తుంటే అమ్మ నిన్ను ఆ మాత్ర గురించి దెప్పింది. నువ్వు నా వైపు చూశావు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ చూపుకు నువ్వు ఏం అర్థం చెప్పుకున్నావో నాకు తెలుసు, నేనూ నిన్నే తప్పుపడుతున్నాననుకున్నావు. వారం తిరక్కుండా పుట్టింటికి వెళ్ళిపోయావు. నేను ఆపలేదు. బట్టలు సర్దడానికి సాయం కూడా చేశాను.

డాక్టరమ్మ ముందు గుండీ తీసి మచ్చ చూపించాను. ఆవిడ వంగి చూసింది. తర్వాత "ఆ రోజే చెప్పుంటే ఆ రోజే చెవి పరీక్ష రాసేదాన్ని. మూత్రపిండాలు కూడా చూడాలి, ఈ రెండూ ఒక్కోసారి దీనితో కలిసి వస్తాయి. నెల పైన పోగొట్టావు" అంది. నేను తప్పయిందన్నాను. "పుట్టుకతో వచ్చినదానికి నిన్నెవరూ ఏమీ అనరు. నోరు మూసుకుని కూర్చున్నందుకు ఏమన్నా పడాల్సిందే" అంది.

ఇంటికొచ్చాను. అమ్మ ఆరిన బట్టలు మడత పెడుతోంది.

"అమ్మా, నాకు ఆపరేషనైన సంగతి నీకు గుర్తుందా?"

"గుర్తు లేకేం."

"మరి నీ కోడల్నెందుకన్నావు?"

అమ్మ చేతిలో నువ్వు ఇక్కడ మరిచిపోయిన పాపాయి గౌను ఉంది. దాన్ని మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. "మీ నాన్నక్కూడా చెవి ముందు చిన్న గుంట ఉండేది. ఒక చెవి వినబడేది కాదు. పిల్లనివ్వరని పెళ్ళిలో దాచార్రా. నాకు తెలిశాక నేనూ నీ పెళ్ళిలో అలాగే దాచాను. దాచడమే అలవాటైపోయింది."

"దాచడం వేరు. దాని మీదకి తోసేయడం వేరమ్మా."

"నువ్వు కాదంటావనుకున్నాను. 'అమ్మా, అదేం లేదు' అని ఒక్క మాట అంటే నోరు మూసుకునేదాన్ని. నువ్వనలేదు" అంది అమ్మ.

అప్పట్నుంచీ ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా తింటున్నాం. నీకు స్వయంగా చెప్పుకుంటానంటోంది. వినాలో వద్దో నీ ఇష్టం, అమ్మ తరఫున నేనేమీ అడగను. నా తరఫున కూడా క్షమించమని రాయడానికి చేయి రావడం లేదు. నువ్వు ఇన్నాళ్ళూ రాత్రీ పగలూ ఆ మాత్రను తలుచుకుని ఏడుస్తుంటే, ఊరుకోబెట్టే మాట నా దగ్గరుండి నేను ఇవ్వలేదు. దాన్ని ఒక్క మాటతో కొట్టేయమంటే నీకూ అన్యాయమే.

ఈ ఉత్తరం అత్తయ్యగారికీ మామయ్యగారికీ చదివి వినిపించు. చదవడానికి నీకు మనసొప్పకపోతే వాళ్ళ చేతికిచ్చెయ్. నిన్ను ఎవరూ ఇక ఒక్క మాట అనకూడదు. నువ్వు కూడా నిన్ను అనుకోకు.

చెవి పరీక్షకూ, మూత్రపిండాల పరీక్షకూ మీ ఊరి పెద్దాస్పత్రిలో శనివారానికి రాయించాను. డాక్టరమ్మే అక్కడి వాళ్ళకు ఫోను చేసి చెప్పింది. ముందుగా తెలిస్తే వినడానికి సాయం చేసే మార్గాలున్నాయట, భయపడొద్దంది. శనివారం పొద్దున్నే మీ ఇంటి ముందుంటాను. ముందు మామయ్యగారికి మచ్చ చూపిస్తాను. ఆయన లోపలికి రావద్దంటే మెట్ల మీద కూర్చుంటాను. నువ్వు నాతో మాట్లాడనక్కర్లేదు. పాపాయిని ఎత్తుకుని బయటికి రా, చాలు. నేను వెనకాల నడుస్తాను.

ఇట్లు,
పాపాయి నాన్న