‘ఠీక్ హై’కి నేను రాసిన అర్థం

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
11-8-1968

చిరంజీవి లక్ష్మీకాంతానికి నాన్న ఆశీస్సులు.

మీ అమ్మ కీళ్ల నొప్పి తగ్గింది, నా దగ్గు తగ్గలేదు. ఆ ఒక్కటి తప్పిస్తే ఇంటిల్లిపాదీ క్షేమం. కలకత్తా హాస్టలు భోజనం నీకు సరిపడుతున్నదో లేదో రాయలేదేమి?

నీ పరిశోధన నాకు అర్థమైనదా అని అడిగావు. అయిందనే అనుకొంటున్నాను. పెద్ద సంస్థలో పైవాడు హద్దులు గీస్తాడు. ఆ హద్దుల్లో కిందివాడు తన నిర్ణయం తాను చేసుకొంటాడు. ఆజ్ఞ ఒక్కొక్క మెట్టూ దిగేటప్పుడు ఎంత మారుతుందో నీ సమీకరణం లెక్కగడుతుంది. వ్యాకరణం చెప్పుకొని బతికినవాణ్ణి, నాకిది మరీ కొత్త కాదు. కొన్ని సంధులు నిత్యం, తప్పక జరుగుతాయి. కొన్ని బహుళం: ఒకచోట జరుగుతాయి, ఒకచోట జరగవు, మరొకచోట వేరే రూపం తాలుస్తాయి. సూత్రకర్త చేతగాక బహుళమన్నాడా, భాషకు ఆమాత్రం స్వేచ్ఛ ఉండాలని అన్నాడా? నాకు చిరకాలంగా ఈ సందేహం ఉంది.

ఇక, ఇన్నాళ్లూ దాచిన మాట ఒకటి చెప్పాలి. నీవు పంపిన ప్రశ్నలు తీసుకొని ఇక్కడి రైల్వే వర్క్‌షాపు మేస్త్రీలు నలభైమంది ఇళ్లకు వెళ్లాను గదా. ‘పైనుంచి ఆజ్ఞ వస్తే ఏమంటారు?’ అన్నదానికి అందరూ ‘ఠీక్ హై’ అన్నారు. ఆ హిందీ ముక్క నా కలానికి రుచించక, నలభై కాగితాల మీదా ‘అంగీకారం’ అని రాసి నీకు పంపాను. తరువాతి వారం వారిలో ఒకరైన నూకయ్య మేస్త్రీతో ఆ సంగతి చెబితే ఆయన పడీపడీ నవ్వాడు.

“ఏటి పంతులుగారూ! ఠీక్ హై అంటే ఇన్నానని. సేస్తానని నానెప్పుడన్నాను? ఏ సామాను వచ్చిందో, ఏ రైలుపెట్టె ముందు బాగుసెయ్యాలో పైనున్నోళ్లకేటి తెలుస్తాది?”

లోపలినుంచి ఆయన భార్య చిలకమ్మ అందుకొంది: “నాకూ ఠీక్ హై అన్నాడు బాబూ. మూడు నెల్లయింది, నులకమంచం అలాగే ఉంది!”

నవ్వుకొంటూ ఇంటికి వచ్చేసరికి నీ ఉత్తరం ఉంది. ‘నాన్నా, మార్పు విలువ సున్న వచ్చింది! ఆజ్ఞ అయిదు మెట్లూ చెక్కుచెదరకుండా దిగుతోంది. ఆగస్టు ఇరవయ్యో తేదీన సదస్సులో చదువుతున్నాను’ అని రాశావు. నీ సంతోషం చెడగొట్టలేక, జవాబులో దీవెనలు మాత్రం రాసి ఊరుకొన్నాను. ఆ సున్న నా కలంలో పుట్టిందమ్మా.

సదస్సులో చదవవద్దు. నలభై కాగితాల మీదా నా మాట కొట్టివేసి, వారి మాటే రాయి. నేను మళ్లీ బయలుదేరి, ‘ఆ తరువాత ఏం చేశారు?’ అని అడుగుతున్నాను. ఇప్పటికి తొమ్మిదిమంది చెప్పారు. ఏడుగురు ఆజ్ఞను తమకు తోచినట్టు మార్చుకొన్నారు. పని మాత్రం తొమ్మిదిచోట్లా వేళకే పూర్తయింది. ఇది ఎలా సాధ్యమైనదో నీ గణితమే చెప్పాలి. వినాలని నాకు మహా ఆత్రంగా ఉంది.

ఇట్లు,
నీ నాన్న
గంగాధరరావు