వరద పాఠం

అక్కా,

రేపు సాయంత్రం నా ఇంగ్లీషు క్లాసు నువ్వే తీసుకోవాలి. ఒంట్లో బాగానే ఉంది, మాత్రలు పట్టుకుని పరిగెత్తుకు రాకు.

ఇవాళ వరద పాఠం. "ఇంట్లోకి నీళ్లొస్తే ముందు ఏం పట్టుకుంటారు?" అని ఒక్కొక్కరినీ లేపి అడిగాను. ఒకాయన టీవీ అన్నాడు, ఒకావిడ పిల్లి అంది. అందరం నవ్వుకున్నాం. అప్పుడు, మూడు నెలలుగా నోరు విప్పని కుట్టుపనావిడ లేచి, తడుముకోకుండా ఇంగ్లీషులో చెప్పింది: "పోయినేడు మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. చిన్నమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. పెద్దమ్మాయి చెయ్యి జారిపోయింది."

ఎవరేం చెప్పినా ముందు మెచ్చుకోవాలని నాకు నూరిపోసింది నువ్వే. అలవాటుకొద్దీ "వెరీ గుడ్" అనేశాను.

ఆవిడ, నేను నేర్పినట్టే, "థాంక్యూ టీచర్" అని కూర్చుంది.

నీ చెల్లి