చిన్నదాని పట్టీలు

తెనాలి, ఫిబ్రవరి 1964

నళిని వదినగారికి, నాగరత్నం నమస్కరించి రాయునది.

పాపా నేనూ కులాసా. పురిటికి పుట్టింటికి వచ్చానే గానీ ప్రాణమంతా నాంపల్లిలోనే ఉంది. మావారి ఉత్తరాలు మరీ పొట్టివైపోయాయి. "పని ఒత్తిడి, మిగతాది ముఖాముఖి" అంటారు. ఆఫీసులో ఆయన పని ఏపాటిదో నాకు తెలియదా? పక్కవాటాలోనే ఉన్నారు కదా, ఓ కన్నేసి, చూసింది చూసినట్టు రాయండి.

ఇట్లు,
నాగరత్నం

తా.క. ఆవకాయ జాడీ మూత తీసి చూడండి. తగ్గిందంటే తినేవాళ్ళు ఇద్దరన్నమాట.

నాంపల్లి

చెల్లె నాగరత్నానికి నళిని దీవెనలు.

గోపాలరావుగారి గురించి ఫికర్ చెయ్యకు. చిన్నదాన్ని తెచ్చుకున్నకాన్నుంచి మనిషి హుషారుగున్నడు. నీకు రాయలేదా ఏంది? ఎవరో ఆఫీసరు బదిలీ మీద పోతూ వదిలేసిపోయిండు. ఈయన జీతానికి గంతకంటే మంచిది యాడ దొరుకుతది? నడకే బాగలేదు, మొజంజాహీ మార్కెట్ మలుపుకాడ ఒకటే ఊగుడు. అందుకని అబిడ్స్‌ల కిషన్ దగ్గర కొత్త పట్టీలు చేయిస్తున్నడు.

నీ నళిని

తా.క. జాడీ సగమే ఉన్నది.

తెనాలి

వదినగారూ,

మీ ఉత్తరం చదివి కూలబడ్డాను. నా పట్టీల మువ్వ ఊడి ఏడాదైంది. అతికించమంటే హైదరాబాదులో కంసాలే లేడన్న మనిషి, ఇప్పుడు దానికి కొత్తవి చేయిస్తున్నారా? అది వాకిలి వదిలితే గానీ పాపతో ఆ గడప తొక్కను. మా నాన్నగారు చేతికర్ర పట్టుకుని రేపే అక్కడికి బయలుదేరుతున్నారు.

దిక్కులేని నాగరత్నం

తా.క. రాత్రిళ్ళు అదెక్కడ పడుకుంటోంది?

నాంపల్లి

పిచ్చి చెల్లెకు నళిని రాసేది.

వాకిట్ల గోనెపట్టా కప్పుకొని పండుకుంటది, చిన్న కారు కదా! నీ కాళ్ళవాటిని మా దిక్కు పట్టగొలుసులంటం. నేను రాసిన పట్టీలు మెకానిక్ కిషన్ కారు కింద వేసే, బరువు మోసే ఇనుపవి. నిన్నూ పాపనూ స్టేషన్ నుంచి కుదుపు లేకుండ ఇంటికి తేవాలని మీ ఆయన ఆరాటం. నీకు చెప్పకుండ, రైలు దిగినంక చూపిద్దామనుకున్నడట.

మీ నాయన దిగంగనే కర్ర లేపి "ఆ చిన్నదెక్కడ?" అన్నరు. అల్లుడు కారు తలుపు తీసి కూసోబెట్టిండు. కొత్త పట్టీలు పడ్డయి గద, మార్కెట్ మలుపుల బండి జర గుడ ఊగలేదు. పెద్దాయన కర్ర దించి "ఇంకోసారి తిప్పు నాయనా" అన్నరట. ఆవకాయ సగం నేనే తెచ్చుకున్న, మళ్ళ అనుమానపడకు.

నీ నళిని

తా.క. మీ నాయన ఇప్పట్ల ఊరికి రారు. చిన్నదాన్ని విడిచి ఉండలేరట. పొద్దుమాపు దానితోనే కోఠి, లక్డీకాపూల్ షికారు.

తెనాలి

వదినగారూ,

మావారిని తలుచుకుని నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మువ్వ లేకపోతే మానె, పాపను తీసుకుని వచ్చేస్తున్నానని చెప్పండి.

కానీ కొంప మునిగింది. మా అమ్మ కూడబలుక్కుని చదువుతుంది, అందుకే ఏ ఉత్తరంలోనైనా తాజా కలం మటుకే చూస్తుంది. మీదీ చూసింది. అది కారమ్మా అంటే "మీ నాన్నను వెనకేసుకురాకు" అని పెట్టె సర్దుకుంది. రోకలి కూడా అందులోనే పెట్టింది. కవరు గట్టిగా అంటించి, ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇచ్చి పంపుతున్నాను.

మీ నాగరత్నం

తా.క. అమ్మ కాస్త భారీ మనిషి. కిషన్‌తో చెప్పి ఇంకో పట్టీ వేయించండి.