మంచులో బండ మీద కూర్చున్నది

మీ జ్ఞాపకార్థ కూడిక నిన్న అయిపోయిందండీ. అందరూ మీ గురించి మంచే చెప్పేరు.

ఈరోజు పొద్దున్నే మనమ్మాయి సునీత నన్ను చీడికాడ అవతల ఫారెస్టు కొండకి తీసుకెళ్ళింది. చోడవరం నుంచి ప్రతి చలికాలం పిట్టల్ని చూడ్డానికి మీరక్కడికి ఒక్కరే వెళ్ళేవారు. నేనెప్పుడూ రాలేదు. ఆ చోటు ఒక్కసారైనా చూడమ్మా అని అది పట్టుబట్టింది. మీ బైనాక్యులర్స్ మెడలో వేసుకుంది.

దారి చూపడానికి కొండ ఊరి అప్పన్న వచ్చేడు. పైకెక్కేకొద్దీ మంచు కమ్మేసింది. అంతవరకూ కూసిన పిట్టలన్నీ ఒక్కసారే ఆగిపోయేయి. అప్పన్న చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్ని ఆపేడు.

ఎదురుగా బండ మీద ఎవరో కూర్చున్నారు. నల్ల జెర్కిను, కాస్త వంగిన వీపు, ముఖం లోయ వైపు.

"అమ్మా, నాన్న" అంది సునీత నెమ్మదిగా. రెండడుగులు ముందుకేసింది. దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆ మనిషి లేచి ఇటు తిరిగేడు. మనిషి కాదు, ఎలుగుబంటి. రెండు కాళ్ళ మీద నిలబడి మమ్మల్ని చాలాసేపు చూసి, తుప్పల్లోకి వెళ్ళిపోయింది.

"ఎదురైతే మీద పడిపోద్దమ్మా. ఇలా సూసి ఎళ్ళిపోడం నానెప్పుడూ సూడ్నేదు" అన్నాడు అప్పన్న.

దిగేటప్పుడు సునీత అడిగింది. "నువ్వూ నాన్నే అనుకున్నావేటమ్మా?"

"లేదే, పిచ్చి గుంటా" అన్నాను.

మీకైతే చెప్తాను. అది మా వాసన పట్టి తిరగలేదు. పక్కనున్న వాళ్ళిద్దరికీ కూడా వినబడనంత మెల్లగా, "ఏవండీ" అని నేను పిలిచేను. అప్పుడే తిరిగింది.