మరక కాదు

చెల్లీ,

నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు కనక ఇలా రాస్తున్నాను. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

ఆ పెద్ద గెలాక్సీ ఫొటో గుర్తుందిగా, నడిమధ్యలో వెలుగు తక్కువగా ఉన్నది. కెమెరా మరక అనుకుని, చుట్టూ ఉన్న వెలుగుతో దాన్ని నేనే పూడ్చేశాను. "అది మరక కాదక్కా, అక్కడ నిజంగానే నక్షత్రాలు తక్కువ" అని నువ్వు మొత్తుకున్నావు. నా పాడు నోరు ఊరుకుందా? "ముందు కళ్లజోడు మార్చుకో" అని ఆఫీసులో అందరి ముందూ నవ్వాను. మర్నాడే నువ్వు ఉద్యోగం మానేశావు.

నిన్న ఇంకో టెలిస్కోప్ తీసిన ఫొటో వచ్చింది. అందులోనూ అదే మసక. రెండు మహా కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, కలిసిపోయేలోగా దగ్గరికొచ్చిన నక్షత్రాలను బయటికి విసిరేసి ఉంటాయని పెద్దసారు కూడా ఒప్పుకున్నారు. కనిపెట్టింది నువ్వని, చెరిపింది నేనని ఆయనకు రాసిచ్చాను. నా ఉద్యోగం ఏమవుతుందో తెలీదు.

ఇంకో మాట. మనిద్దరం మాట్లాడుకుంటున్నామా అని అమ్మ ప్రతి ఆదివారం అడుగుతోంది. రోజూ మాట్లాడుకుంటున్నామని చెబుతున్నాను. చూశావా, అక్కడా పూడ్చేశాను.

ఆదివారంలోగా ఒక్కసారి ఫోన్ చెయ్యవే. తిట్టడానికైనా సరే.

అక్క